పదకొండు పాయింట్లు

మా మిల్లులో ఆవిడను చిన్నా పెద్దా అందరూ రఫ్ఫక్క అనేవారు. ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. ఆ అక్క అనే మాట అనకుండా ముప్పై ఏళ్లకు పైగా నెట్టుకొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పిలవక తప్పకపోతే దగ్గేవాణ్ణి, లేదా బల్ల మీద వేలితో కొట్టేవాణ్ణి. ఎందుకలా చేసేవాణ్ణో అందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు.

ఇప్పుడు నాకు డెబ్బై నాలుగేళ్లు. ఆవిడ గురించి నాలుగు పేజీలు రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆవిడ చేసిన పని ఎక్కడా కనిపించదు. కనిపించకపోవడమే ఆ పని గొప్ప. అలాంటి మనిషి గురించి ఎవరో ఒకరు రాయకపోతే ఏమీ మిగలదు. అయితే నేను ఆవిడకు చేసిన అన్యాయం ఒకటుంది. దాన్ని దాటేసి రాద్దామని రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ చదవడానికి బాగానే ఉంది. చించేశాను.

మగ్గాల మీంచి దిగిన ప్రతి తానూ ముందు నా దగ్గరికి వచ్చేది. అడుగున దీపాలున్న పొడవాటి అద్దపు బల్ల మీద దాన్ని మెల్లగా లాగుతూ చూడటం నా పని. తెగిన పోగు, ముడి, నూనె మరక, పేక పలచబడ్డ చోటు. కనిపించగానే చుట్టూ సుద్దతో గీసి చీటీలో రాయాలి: ఎన్నో మీటరు, ఏం లోపం, ఎన్ని పాయింట్లు. చిన్న లోపానికి ఒకటి, పెద్దదానికి నాలుగు. నూరు మీటర్లకు నలభై దాటితే ఆ తాను సెకండ్సు కిందికి పోతుంది. దాటకపోతే మొదటి రకమే. చీటీని తానుకు గుండుసూదితో గుచ్చి తోపుడుబండి మీద పెడితే అది పక్కనున్న రఫ్ఫు గదికి చేరేది. అక్కడ పన్నెండుమంది ఆడవాళ్లు కిటికీల పక్కన కూర్చుని, చీటీ చూసుకుంటూ ఒక్కో లోపాన్నీ సూదితో సరిచేసేవారు. సరిచేసినదానికి ఎదురుగా టిక్కు, వీలుకానిదానికి ఇంటూ, కింద సంతకం. తాను మళ్లీ చీటీతో సహా నా బల్లకే వచ్చేది.

ఆవిడ పదిహేడేళ్లప్పుడు ఆ గదిలోకి వచ్చింది. అంతకుముందు ఆ కిటికీ పక్క వాళ్లమ్మ కూర్చునేది. మోకాళ్లు పట్టేసి తల్లి మంచాన పడితే కూతురు వచ్చి అదే పీట మీద కూర్చుంది. మిగతావాళ్లు డబ్బాలోంచి రంగు చూసి దారం తీసుకునేవారు. ఆవిడ మాత్రం అదే తాను చివర్నుంచి ఒక పోగు లాగి, దాంతోనే కుట్టేది. పరాయి దారం ఎంత కలిసినా రెండు ఉతుకుల తర్వాత వేరుపడిపోతుంది అనేది. ఆవిడ చేసిన తాను తిరిగొచ్చినప్పుడు నేను దీపాల మీద పరిచి వెతికేవాణ్ణి. నా సుద్ద గీత కనిపించేది గాని, అందులో ఏం ఉండేదో కనిపించేది కాదు.

నా కళ్లు మంచివని మిల్లంతా పేరు. ఆడవాళ్లు నాకు భూతద్దం అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు లోలోపల ఇష్టంగానే ఉండేది. పుస్తకాల పురుగు అని ఇంకో పేరు కూడా ఉండవలసింది. మిల్లు గ్రంథాలయంలో ఉన్నవన్నీ నేను చదివేశాను. సాయంత్రం గదికి వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంటే పుస్తకం, నేను. ఆ పుస్తకాల్లోంచి ఒక మనిషిని తయారుచేసి పెట్టుకున్నాను. ఆమె మెల్లగా మాట్లాడుతుంది, నేను సగం చెప్పిన మాటను పూర్తి చేస్తుంది, ఆమె కూర్చున్న చోట చప్పుడుండదు. అలాంటి మనిషి ఎదురయ్యేదాకా ఆగుదామనుకున్నాను. ఆగడం గొప్ప గుణమని కూడా అనుకున్నాను.

మా అక్క మాత్రం ఆగలేదు. నాకు ఇరవై ఆరేళ్లప్పటినుంచీ ఎవరో ఒకరి సంగతి చెబుతూనే ఉండేది. ఒక బడి టీచరును చూశాను. మనిషి చక్కగా ఉంది, ప్రతి మాటకూ ముందు ‘అంటే’ అంటుంది. లెక్కపెట్టాను, ఒక్క గంటలో నలభై సార్లు. మందుల దుకాణంలో పనిచేసే ఆమెతో రెండు నెలలు తిరిగాను. ఉత్తరం రాసింది. అక్షరాలు కుడివైపు పడిపోతున్నట్టున్నాయి. మళ్లీ కలవలేదు. ఏ కారణమూ చెప్పలేదు కూడా. ఈ రెండు సంగతులూ మా బావకు చెప్పాను. “నీకు పిల్ల దొరకదురా బావమరిదీ. నేయించుకోవాల్సిందే. నేయించినా నీ బల్ల మీదికొచ్చాక మళ్లీ వెనక్కే” అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

రఫ్ఫక్కతో మాట కలిసింది నాకు ముప్పై మూడేళ్లప్పుడు. ఒకరోజు చీటీ చేతిలో పట్టుకుని తానుతో సహా మా చెకింగు గదికి వచ్చింది. డెబ్బై రెండో మీటరు దగ్గర తెగిన పోగు అని రాశారు, నాకు దొరకడం లేదు, చూపిస్తారా అంది. సుద్ద గీత ఉంది. లోపల సన్నటి నల్లటి గీత కూడా ఉంది. ఇదిగో అని వేలు పెట్టి చూపించాను. ఆవిడ వంగి చూసి ఉఫ్ మని ఊదింది. గీత ఎగిరిపోయింది. నా మీసం వెంట్రుక.

“దీనికి నాలుగు పాయింట్లు వేశారు. మీసానికి రఫ్ఫు చెయ్యమంటారా?” అంది.

అని నవ్వింది. గదిలో మరో ఇద్దరు చెకర్లున్నారు. వాళ్లు తలలెత్తి చూశారు. నోరంతా తెరిచి, తల వెనక్కి వేసి, రెండు వరసల పళ్లూ పైచిగుళ్లూ కనిపించేలా నవ్వేది ఆవిడ. ఆ నవ్వు గోడ అవతల మగ్గాల హోరులో కూడా వినపడేదని రఫ్ఫు గదివాళ్లు అనేవారు. నాకు కోపం రాలేదు. ఆ రోజంతా తేలిగ్గా ఉంది.

తర్వాత నాలుగైదు నెలలు కలిసి టీ తాగాం. పని దిగాక ఆవిడ ఇంటిదాకా నడిచేవాణ్ణి. సైకిళ్లు బాగుచేసే దుకాణం మీద ఒకటే గది వాళ్లది. కింద సుత్తి చప్పుడు, పైన తల్లి మూలుగు, ఒక కుర్చీ, రెండు మంచాలు. తల్లికి స్నానం చేయించడం, వంట చేయడం, పొద్దున్నే మిల్లుకు రావడం. ఇవన్నీ ఆవిడ చెప్పలేదు, నేను చూశాను. నేను చదివిన కథలు చెప్పమనేది. చెబుతుంటే మధ్యలో ఆపి, “ఆ పిల్ల నోరు తెరిచి అడిగేస్తే సరిపోయేదిగా, మూడొందల పేజీలెందుకు?” అనేది. నాకు చిరాకేసేది. ఇంటికొచ్చాక అదే మాట తలచుకుని నవ్వుకునేవాణ్ణి.

మా అక్కకు ఆవిడ బాగా నచ్చింది. ఒక సాయంత్రం నన్ను కూర్చోబెట్టి, ఇక నాన్చడం చాలు, ఆదివారం కల్లా అవునో కాదో చెప్పు అంది. ఆ పిల్లలో నీకు కనిపించిన లోపమేమిటో అదీ చెప్పు, వింటాను అంది.

ఆ మాట నేను నిజంగా పట్టుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ గదిలో ఎవరూ లేరు. ఖాళీ చీటీ ఒకటి తీసుకున్నాను. ఆలోచించుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. రాస్తుంటే నాకు బాగుంది. చేతిలో పని ఉన్నట్టు, నేను న్యాయంగా ఉన్నట్టు అనిపించింది. ఇలా రాశాను:

నవ్వితే చిగుళ్లు – 4
పుస్తకం చదవదు – 4
టీ చప్పుడుతో తాగుతుంది – 1
చెప్పిందే రెండోసారి చెబుతుంది – 1
ఎడమ భుజం వంగి ఉంటుంది – 1

కింద గీత గీసి మొత్తం వేశాను. పదకొండు.

ఆ ఎడమ భుజం పన్నెండేళ్లుగా నేను సుద్ద గీసి పంపిన గుడ్డ మీదికి వంగి వంగి అలా అయింది. రాసేటప్పుడు నాకది తట్టలేదు.

భోజనాల గంట అయిపోయింది. బండి అతను గుమ్మంలో నిలబడి, తానులు అయితే ఇవ్వండి, మళ్లీ రాను అని తొందరపెట్టాడు. బల్ల మీదున్న చీటీలన్నీ గబగబా గుచ్చి ఇచ్చాను. సాయంత్రం ఆ చీటీ కోసం జేబులు తడుముకున్నాను. బల్ల కింద చూశాను. చెత్తబుట్ట బోర్లించాను. అప్పటికి రఫ్ఫు గదికి తాళం వేశారు.

శనివారం పొద్దున బూడిదరంగు తాను ఒకటి తిరిగొచ్చింది. దానికి రెండు చీటీలున్నాయి. పైది తానుది, అన్నిటికీ టిక్కులు. రెండోది నాది. నేను పేరు రాయలేదు. రాయక్కర్లేదు కూడా. చిగుళ్లకు ఎదురుగా టిక్కు. టీకి ఎదురుగా టిక్కు. మిగిలిన మూడింటికీ ఇంటూలు. కింద సంతకం, రోజూ పెట్టేటట్టే, ఒక్క అక్షరం కూడా వంకర పోకుండా.

మా గదిలో పెద్ద చెకరు ఉండేవారు. నాకు పని నేర్పింది ఆయనే, మాస్టారు అనేవాళ్లం. నా మొహం చూసి దగ్గరికొచ్చి చీటీ చదివారు. ఆయనకు అర్థం కాకపోవడమేమిటి. కళ్లజోడు తీసి తుడుచుకుని, “పదకొండే కదరా. గుడ్డకే నలభై దాకా వదిలేస్తాం” అన్నారు. తర్వాత, “వెళ్లి మాట్లాడు” అన్నారు.

వెళ్లలేదు. మధ్యాహ్నం వెళదామనుకున్నాను, సాయంత్రం వెళదామనుకున్నాను. ఆదివారం మా అక్క అడిగితే మా ఇద్దరికీ కుదరదు అని మాత్రం చెప్పాను. సోమవారం క్యాంటీనులో రఫ్ఫు గదివాళ్లు ఏదో జోకు వేసుకున్నారు. ఆవిడ నవ్వబోయింది. ఎడమచెయ్యి లేచి నోటికి అడ్డం వచ్చింది. నవ్వు లోపలే ఆగింది, భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత గ్లాసు ఎత్తి చప్పుడు కాకుండా టీ తాగింది.

ఇక్కడిదాకా వచ్చాను గనక మిగిలింది కూడా రాస్తాను. ఆ చెయ్యి చూసినప్పుడు నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. ‘ఇప్పుడు బాగుంది’ అనుకున్నాను. ఒక్క క్షణమే, కాని అనుకున్నాను. సిగ్గు తర్వాత వచ్చింది. వచ్చింది మళ్లీ పోలేదు.

మరుసటేడు ఆవిడ బాయిలరు దగ్గర పనిచేసే అతన్ని పెళ్లి చేసుకుంది. మిల్లువాళ్లంతా కలిసి ఒక ఫోటో దిగాం. అందులో కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది. సిగ్గుపడుతోంది పెళ్లికూతురు అని ఎవరో అన్నారు. ఇద్దరు కూతుళ్లు పుట్టారు. తల్లిని చివరిదాకా తన దగ్గరే ఉంచుకుంది. భర్తకు ఆవిరి హోరులో చెవులు పోయాయి. ఇంట్లో గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకుంది, మిల్లులో మాత్రం గొంతు తగ్గించేది. రఫ్ఫు గదికి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లనూ తన పక్కనే కూర్చోబెట్టుకునేది. మొదటి నెల కుట్టనిచ్చేది కాదు. పోగు లాగమనేది, అంతే. నాతో పని ఉంటే మాట్లాడేది. మీరు అనడం మానలేదు, మొహం తిప్పుకోలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

నేను ఆ తర్వాత కూడా ఒకరిద్దరిని చూశాను. ఒకామె నవ్వనే నవ్వదు, అదొక లోపంగా తోచింది. ఆ తర్వాత మా అక్క అడగడం మానేసింది.

మిల్లు మూసేశాక ఆవిడ ఇంట్లోనే పని పెట్టుకుంది. కిటికీకి చిన్న బోర్డు తగిలించింది. ఊళ్లో కోట్లు, శాలువలు, పరుపు గలీబులు అన్నీ అక్కడికే పోయేవి. నేను ఆ వీధిలో నడవకుండా చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. బూడిదరంగు కోటు ఒకటి చిమ్మెట కొట్టి నా దగ్గర తొమ్మిదేళ్లు చిల్లుతోనే ఉంది.

ఈ ఏడు మొదట్లో నా కళ్లకు పొర కమ్మింది. కంటి ఆసుపత్రిలో పరీక్ష చేసే అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పేరు రాసుకుని, ఒక్కసారి ఆగి చూసింది. “మీరు మిల్లులో చెకింగు చేసేవారు కదూ? అమ్మ చెబుతుంది, మీ కళ్లకు మీసం వెంట్రుక కూడా దొరికేదట” అంది. రఫ్ఫక్క రెండో కూతురు. గోడ మీది అక్షరాలు చదవమంది. పై వరస ఒక్కటే కనిపించింది. మీ అమ్మకు చెప్పమ్మా, భూతద్దానికే ఇప్పుడు భూతద్దం కావాలని, అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. ఎడమచెయ్యి లేచి నోటికి అడ్డం వచ్చింది.

పళ్లేమైనా నొప్పా అమ్మా అని అడిగాను.

“అబ్బే, అలవాటండీ. అమ్మకుంది, మా అక్కకుంది. అక్క కూతురు నాలుగేళ్లది, అది కూడా మొదలుపెట్టింది” అంది, దీపం నా కంట్లోకి తిప్పుతూ.

నాలుగు రోజులు బయటికి పోలేదు. ఐదో రోజు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్క ఆవిడ, ఒళ్లో ఎవరిదో ఉన్ని స్వెట్టరు. లోపలి గదిలో భర్త రేడియో గట్టిగా పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమంది, టీ పెట్టి తెచ్చింది, కంటి సంగతి అడిగింది. నేను గ్లాసు పట్టుకుని ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. నాలుగు రోజులు కూర్చుకున్న వాక్యాలన్నీ పోయాయి.

“మీకు గుర్తుందో లేదో, ఒకసారి ఒక చీటీ...”

“గుర్తుంది.”

“అది పొరపాటున తానుతో వచ్చేసింది” అన్నాను. నలభై ఏళ్ల తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

“రావడం పొరపాటు” అంది ఆవిడ. “రాయడం?”

నా తప్పు అన్నాను. చీటీ తిరిగొచ్చాక రాకపోవడం ఇంకా పెద్ద తప్పన్నాను. ఆసుపత్రిలో చూసింది చెప్పాను. మనవరాలి మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆవిడ స్వెట్టరు పక్కన పెట్టింది.

“పిల్లల సంగతి నాకూ తెలియలేదు. మొన్నామధ్య మా చిన్నమ్మాయి ఫోటోలు చూపిస్తుంటే కనిపించింది. అప్పుడు వచ్చింది మీ మీద కోపం. అంతకుముందు ఎప్పుడో పోయిందనుకున్నాను” అంది.

“నేను మీ బతుకు పాడుచేశాను.”

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. నన్ను మొదటిసారి చూస్తున్నట్టుంది.

“నా బతుకు పాడైందని ఎవరన్నారు?” అంది. “ఆ రోజు ఏడ్చిన మాట నిజం. పన్నెండేళ్లు నేను చేసిన పని చూసిన మనిషి నన్ను అలా చూశాడే అని ఏడ్చాను. మీరు కాదంటారేమోనని మాత్రం కాదు. అసలు నేను అవునంటానని మీకెవరు చెప్పారు?”

నేను గ్లాసు కింద పెట్టాను.

“మీ అక్కగారు నన్ను కూడా అడిగారు. ఆదివారం చెబుతానన్నాను. ఆ వారమంతా నేనూ ఆలోచించుకుంటూనే ఉన్నాను. అమ్మతో అన్నాను కూడా, మనిషి మంచివాడే, గాని...” అని ఆగింది.

“గాని?”

“ఎందుకులెండి ఇప్పుడు.”

“చెప్పండి. నాకు తెలియాలి.”

“నేను ఎక్కడా రాసుకోలేదు, అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మ పోయింది. ఇప్పుడు మాత్రం మీకెందుకు చెబుతాను?” అంది. మెల్లగానే అంది.

లోపల్నుంచి భర్త, ఎవరే అని కేకేశాడు. “మిల్లు ఆయన! చూసిపోదామని వచ్చారు!” అని అంతకన్నా గట్టిగా చెప్పింది. టీ ఇచ్చావా అన్నాడాయన. ఇచ్చానంది. స్వెట్టరు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నేను లేచాను. క్షమించానని ఆవిడ అనలేదు, నేను అడగలేదు. మనవరాలికి నేను చెప్పుకుంటాలెండి, మీరు కంటి ఆపరేషను ఆలస్యం చెయ్యకండి, అంది గుమ్మం దాకా వచ్చి.

నలభై ఏళ్లు ఆవిడకు నేను చేసింది తలచుకుని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గులో కూడా అవును, కాదు చెప్పేవాణ్ణి నేనే. ఆవిడ ఆ ఆదివారం ఏం చెప్పేదో అని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఇది మా అక్కకు చెప్పాలనిపించింది. అక్క పోయి ఆరేళ్లు.

వీధి చివరిదాకా నడిచాను. వెళ్లింది ఆ నాలుగేళ్ల పిల్ల కోసం అనుకున్నాను. నడుస్తున్నంతసేపూ నేను తలచుకున్నది ఆ పిల్లను కాదు. ఆవిడ అన్న ఆ ‘గాని’ తర్వాత ఏముండేదో అన్నదే.